గనికి చేరని ఓటు

బంగారుపేట జంక్షన్‌లో దిగి మారికుప్పం బండి ఎక్కితే కోరమండల్, ఊరిగాం, ఛాంపియన్ అంటూ గనుల పేర్లే స్టేషన్లుగా పలకరిస్తాయి. కిటికీ పక్కన బూడిదరంగు గుట్టలు వరుసకట్టి ఉంటాయి. రాయిని పిండిచేసి, సైనైడుతో బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి అది. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి ఇళ్లలోకి, అన్నంలోకి వస్తుంది. నూట ఇరవై ఏళ్లలో ఇక్కడ సుమారు 800 టన్నుల బంగారం తీశారని లెక్క. ఆ బంగారం మీద ఈ ఊరి మనిషికి ఏనాడైనా చెల్లుబడి ఉందా అన్నది నన్ను వదలని ప్రశ్న.

కోలారు జిల్లాలో తెలుగు ఇంటి భాషే. ముళబాగిలు, శ్రీనివాసపురం సంతల్లో కన్నడం, తెలుగు ఒకే నోట వినిపిస్తాయి. కుప్పం, పలమనేరు పక్కనే. అదే జిల్లాలో ఈ గనుల ఊరు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) మాత్రం వేరే లోకంలా పెరిగింది. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక మైసూరు మహారాజు లీజు ఇచ్చి రాయల్టీ పుచ్చుకునేవారు, గని పాలన కంపెనీ చేతిలో నడిచేది. వీధులు, నీళ్లు, పారిశుధ్యం చూడటానికి శానిటరీ బోర్డు ఉండేది. రాబర్ట్‌సన్‌పేట అన్న పేరే బ్రిటిష్ రెసిడెంటుది. 1902లో కావేరి ఒడ్డున శివనసముద్రంలో పుట్టిన కరెంటు, బెంగళూరు వీధులకన్నా ముందు, వందకు పైగా కిలోమీటర్లు దాటి ఈ గనులకు వచ్చింది. ఆ కరెంటు రాళ్లను పిండిచేసింది, మనుషులను కిందికీ పైకీ దించి ఎక్కించింది. ఆ మనుషుల కాపురాలు మాత్రం తడికెల గుడిసెల లైన్లలోనే సాగాయి.

కిందికి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళితులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అక్కడ రాయి తాకితే చేయి కాలేంత వేడి. రాతి ఒత్తిడికి గోడలు ఒక్కసారిగా పేలిపోయి ప్రాణాలు తీసేవి. షిఫ్టు దిగి పైకి వస్తే బంగారం దాచారేమోనని ఒళ్లంతా తడిమి సోదా చేసేవారు. 1930లో కంపెనీ ఇంకో అడుగు వేసి ప్రతి కార్మికుడూ వేలిముద్ర ఇవ్వాలంది. నేరస్తుల దగ్గర తీసుకునే వేలిముద్ర మా దగ్గరా? సమాధానంగా గనులు ఆగిపోయాయి. గుర్తింపు పొందిన సంఘం, పేరున్న నాయకుడు లేని రోజుల్లో వేలమంది దాదాపు మూడు వారాలు పని మానేశారు. నా దృష్టిలో ఈ ఊరి రాజకీయ చరిత్ర అక్కడ మొదలైంది. అడిగింది జీతం కన్నా ముందు మర్యాద. 1946 నవంబరులో మరో పోరాటం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఎర్రజెండా కార్మికుల ఇళ్ల మీదికి చేరిన కాలం అది.

గనికి దగ్గర్లోని క్యాసంబళ్లిలో పుట్టిన కె.సి. రెడ్డి 1947లో బాధ్యతాయుత ప్రభుత్వం కోసం ‘మైసూరు చలో’ ఉద్యమం నడిపించారు. అదే ఏడాది అక్టోబరులో మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప పత్రికల్లో, సభల్లో ప్రజాపాలన గురించే జీవితమంతా రాశారు, మాట్లాడారు. బాధ్యతాయుత ప్రభుత్వం గురించి ఇంత గట్టిగా ఆలోచించిన నేల ఇది. అదే నేల కింద మాత్రం ఆ ప్రభుత్వం గడప దాటి లోపలికి రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కేజీఎఫ్ ఓటర్లు చేసినన్ని ప్రయోగాలు కర్ణాటకలో అరుదు. 1957లో కమ్యూనిస్టు ఎం.సి. నరసింహన్‌ను అసెంబ్లీకి పంపారు. తర్వాత అంబేద్కర్ వారసత్వం చెప్పుకునే రిపబ్లికన్ పార్టీ తరఫున సి.ఎం. ఆర్ముగం గెలిచారు. తమిళనాడు పార్టీ అయిన అన్నా డీఎంకేకూ ఈ ఊరు ఎమ్మెల్యేను ఇచ్చింది. సీపీఎం గెలిచింది, 2008 నుంచి బీజేపీ, 2018 నుంచి కాంగ్రెస్. దీన్ని నిలకడలేనితనంగా చూసేవాళ్లున్నారు. నాకు అలా కనిపించదు. తమ కూలి, తమ కులం, తమ భాష మీద మాట్లాడే మనిషి కోసం వెతికిన ఓటు అది.

ఓటు ఎంత తిరిగినా గని పగ్గాలు ఇంకా పైకే పోయాయి. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఇక్కడి బంగారం బజారు ధరకు కాక అంతర్జాతీయ అధికారిక ధరకే ప్రభుత్వానికి వెళ్లిన కాలమూ ఉంది. బజారులో ఎక్కువ పలికే వస్తువును తక్కువకు లెక్కకడితే పుస్తకాల్లో నష్టమే కదా కనిపించేది! 1992లో సంస్థను ఖాయిలా పరిశ్రమల బోర్డుకు పంపారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నిర్ణయం ఢిల్లీది. అడ్డుకునే అధికారం ఇక్కడి ఎమ్మెల్యేకూ లేదు, పురపాలక సభ్యుడికీ లేదు.

ఇలాంటి తగాదాను ఒక దేశం మొత్తం మోసింది. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన కిర్గిజ్‌స్థాన్‌లో కుమ్తోర్ బంగారు గని 1997 నుంచి నడుస్తోంది. దాన్ని నడిపింది కెనడా కంపెనీ. ఆ గనిలో దేశానికి దక్కేదెంత అన్నది అక్కడ ఏ ప్రభుత్వం వచ్చినా రగిలే విషయం. 2005, 2010, 2020లలో జనం వీధుల్లోకి వచ్చి పాలకులను దించారు. 2010లో పార్లమెంటుకు బలం ఇచ్చిన రాజ్యాంగాన్ని 2021లో మార్చి అధ్యక్షుడికి అధికారం అప్పగించారు. అదే ఏడాది గనిని ప్రభుత్వం తన అదుపులోకి తెచ్చుకుంది, మరుసటి ఏడాది కంపెనీతో రాజీ కుదిరింది. అధికారం ఒకచోట పోగుపడటం నాకు నచ్చే విషయం కాదు. అయినా గని ఎవరిదన్న ప్రశ్నకు ఆ దేశ రాజధాని జవాబు చెప్పక తప్పలేదు. కేజీఎఫ్ ఒక నియోజకవర్గం మాత్రమే, దాని ప్రశ్న ఏ రాజధానినీ కదిలించలేదు.

ఇప్పుడు తెల్లవారకముందే మారికుప్పం నుంచి బయలుదేరే బండ్లు నిండిపోతాయి. గని కార్మికుల పిల్లలు, మనవలు బెంగళూరులో పనులు చేసి రాత్రికి ఇల్లు చేరతారు. బెమెల్ ఫ్యాక్టరీ కొందరికి అన్నం పెడుతోంది. తరాలుగా ఉంటున్న లైన్ల ఇళ్ల మీద హక్కు కోసం దరఖాస్తులు, కేసులు ఏళ్ల తరబడి నడిచాయి.

2024లో కర్ణాటక మంత్రివర్గం 13 సైనైడ్ గుట్టల వేలానికి, సుమారు వెయ్యి ఎకరాల మేరకు, కేంద్రానికి సమ్మతి తెలిపింది. పారబోసిన మట్టిలో ఇంకా బంగారం ఉందట. ఆ దుమ్మును ఊపిరితిత్తుల్లో మోసినవాళ్లకు ఆ వేలం డబ్బులో వాటా రాసిపెట్టమని ఊరివాళ్లు గట్టిగా అడగాలి. గుట్టలను తవ్వేటప్పుడు లేచే దుమ్ముకు ఎవరు పూచీ అన్నదీ కాగితం మీద ముందే తేలాలి.