నాలుగు గురువుల ఊరు

నస్రుల్లాబాద్ బస్టాపులో కూచుని ఊరి పేరుకు గణాలు కట్టాం. మా అన్న బిడ్డ పదో తరగతికొచ్చింది. 'యమాతారాజభానస' గడగడా చెబుతుంది గానీ, దాన్నెక్కడ వాడాలంటే నీళ్లు నములుతుంది. నోట్‌బుక్ వెనక పేజీలో బోర్డు మీది పేరు విడగొట్టింది. 'న' తర్వాత సంయుక్తం, కాబట్టి గురువు. 'స్రు' తర్వాత ద్విత్వం, గురువు. 'ల్లా' దీర్ఘం. 'బాద్' సరేసరి.

"నాలుగూ గురువులేనా? ఊళ్లో ఇంతమంది సార్లున్నరా కాకా?" అని నవ్వింది.

మొదటి మూడూ కలిస్తే మగణం. శార్దూలం మగణంతోనే మొదలవుతుంది గదా అని ఆశపడ్డాం. కానీ ఆ వెంటనే సగణం రావాలి, అంటే నాలుగో అక్షరం లఘువు. ఉత్పలమాల, చంపకమాల, మత్తేభం కూడా గాలించాం. ఒక్కదాని పాదంలోనూ వరుసగా నాలుగు గురువులు రావు. 2016లో మండలమైన ఊరికి ఈ వృత్తాల్లో సీటు దొరకలేదు.

బాన్సువాడ అట్లా కాదు. గురువు, లఘువు, మళ్లీ గురువు, లఘువు: రెండు హగణాలు, అంటే సూర్యగణాలే. పక్కన 'బస్సు' చేరిస్తే మూడోది. మూడు సూర్యగణాలు పడ్డాయంటే ఆటవెలది వాకిట్లో ఉన్నట్టే. ఇక రెండు ఇంద్రగణాలు కావాలి, నాలుగో గణం తొలి అక్షరానికి 'బా'తో యతి కుదరాలి. పిల్ల వేళ్లు మడుస్తూ తెరుస్తూ చివరికి పలికింది: "బాన్సువాడ బస్సు బయలుదేరెను గదా!" గొప్ప కవిత్వమేం కాదు. గణం మాత్రం తప్పలేదు.

ఇందూరు ఖిల్లా జైల్లో కవి దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడంటే మునుపు ఆయన ధైర్యమే తలచేవాణ్ని. గోడ కడిగేసినా పద్యం పోకుండా మనసులో పట్టి ఉంచేవి ఈ యతిప్రాసలే గదా అని ఇప్పుడనిపిస్తుంది.

ఇంతలో వరిమళ్ల మీదికి మబ్బు దిగింది. "దున్నపోతు లెక్క నల్లగుంది మబ్బు" అన్నది పిల్ల, అలంకారం చెప్పానని తెలియకుండానే. మబ్బు ఉపమేయం, దున్నపోతు ఉపమానం, నలుపు సమానధర్మం. ఉపమావాచకం ఏదంటే తడబడింది. పుస్తకంలో 'వలె' ఉంటుంది, తన నోట్లో ఉన్నది 'లెక్క'. రెండూ ఒకటే పని చేస్తాయి. నన్నడిగితే 'లెక్క'కే ఎక్కువ మార్కులు వేస్తాను.

బస్సొచ్చేసరికి ఒక్క పాదమే అయింది. ఇంకా మూడున్నాయి. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే రావాలి. మీరూ ఒక చెయ్యి వేయండి.