అబ్బాస్ సాబ్ కలం, కోట్నీస్ సఫర్

మొన్న ఇఫ్తార్ దగ్గర ఒక భాయ్ అన్నాడు: "నువ్వు సినిమాల మీద బాగా రాస్తావ్. ఈ గాజా, ఈ జంగ్ గోల నీకెందుకు? సినిమాలే రాసుకోరాదూ." నవ్వి ఊరుకున్నా. నోట్లో ఖజూర్ ఉంది మరి. ఇంటికొచ్చాక మాత్రం ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గుర్తొచ్చాడు.

1914లో పానిపట్‌లో పుట్టాడు. మౌలానా హాలీ ఖాన్‌దాన్. జనానికి 'ఆవారా', 'శ్రీ 420' రాసినవాడిగానే తెలుసు. అంతకుముందు బాంబే క్రానికల్‌లో సినిమా రివ్యూలు రాసే అఖ్‌బార్‌వాలా. 1939లో గాంధీజీ సినిమాని జూదం పక్కన కూర్చోబెడితే, ఫిల్మిండియాలో ఆయనకే ఖత్ రాసి, అదబ్‌తోనే తగువు పెట్టుకున్నాడు.

ఆ మనిషే 1944లో చైనా మీద ఒక కితాబ్ రాశాడు: 'అండ్ వన్ డిడ్ నాట్ కమ్ బ్యాక్'. జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకి 1938లో కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. నలుగురు తిరిగొచ్చారు. షోలాపూర్ ద్వారకానాథ్ కోట్నీస్ రాలేదు. అక్కడి ఫౌజ్‌లో గాయపడ్డవాళ్లకి ఆపరేషన్లు చేస్తూ, గువో చింగ్లాన్ అనే నర్సుని పెళ్లాడి, 1942 డిసెంబర్ 9న మూర్ఛరోగంతో కన్నుమూశాడు. 32 ఏళ్లు. కొడుకు ఇంకా పాలు తాగే పసివాడు.

అబ్బాస్ ఆ డాక్టర్లతో వెళ్లినవాడు కాదు. తిరిగొచ్చిన డాక్టర్ బసు చెప్పింది విని రాశాడు. నాకు జంకు పుట్టేదీ ఇక్కడే. కళ్లారా చూడని జంగ్ మీద రాసే హక్ ఎవరిచ్చారు మనకి? రాత్రి ఫోన్‌లో ఆ పిల్లల తస్వీర్‌లు చూసి, సహరీకి లేచి నాలుగు ముక్కలు రాయడం ఏం ఘనకార్యం? అబ్బాస్ పద్ధతి చూస్తే కొంచెం దారి కనపడుతుంది. గవాహీ బసుది, కలం తనది. రెంటినీ కలిపేయకపోతే చాలనిపిస్తుంది.

తర్వాత దాన్నే శాంతారామ్ 1946లో 'డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ'గా తీశాడు. కోట్నీస్ వేషం ఆయనదే, చింగ్లాన్‌గా జయశ్రీ. స్క్రిప్ట్‌లో అబ్బాస్ చెయ్యి ఉంది. ఇతరుల సినిమాలకి తప్పులు పట్టినవాడు తానే కటకటాల వెనక్కి వెళ్లినట్టు! నిజం చెప్పాలంటే జయశ్రీని చైనా పిల్లగా చూడటం ఇవాళ ఇబ్బందే. అయినా చివర్లో నా గొంతు పట్టేసింది, దాచుకోను.

1962లో రెండు ముల్కులూ తుపాకులెత్తాయి. కోట్నీస్ సమాధి మాత్రం చైనాలోనే ఉంది, ఇప్పటికీ పూలు పెడతారు. షోలాపూర్‌లో మన తెలుగు పద్మశాలీలు బోలెడుమంది, వాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో.

నిన్న ఆ భాయ్‌కి సినిమా లింక్ పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబ్ ఇంకా రాలేదు.