టైటిల్స్‌లో లేని పేరు

ముందే ఒప్పుకుంటాను, షెరిల్ డున్యే చేతిలో నేను నిలువునా మోసపోయాను. నాలుగేళ్ల కిందట ఆఫీసు పని మీద మూడు నెలలు ఫిలడెల్ఫియా దగ్గర ఉన్నాను. ఆ ఊళ్లో జరిగే కథ కదా అని ఒక రాత్రి ‘ది వాటర్‌మెలన్ వుమన్’ (1996) పెట్టుకున్నాను. ఫే రిచర్డ్స్ అనే నల్లజాతి నటి 1930లలో నిజంగానే ఉందని సినిమా అంతా నమ్ముతూ చూశాను. తర్వాత చదువుదామని ఆమె పేరు ఫోన్లో నోట్ చేసుకున్నాను కూడా. చివర్లో తెర మీద ఒక కార్డు పడింది. ఈ ఫే కల్పితం, ఒక్కోసారి మన చరిత్రని మనమే సృష్టించుకోవాలి అని దాని సారాంశం.

కథ చిన్నదే. షెరిల్ అనే పాత్రని డున్యేనే వేసింది. వీడియో షాపులో పని చేస్తూ, పెళ్లిళ్లకి వీడియోలు తీస్తూ, సినిమా తీయాలని కలలు కనే నల్లజాతి లెస్బియన్ అమ్మాయి. ఒక పాత సినిమాలో తెల్ల యజమానురాలిని ఓదార్చే పనిమనిషి పాత్ర ఆమె కంటపడుతుంది. టైటిల్స్‌లో ఆ నటి పేరుండదు, ‘వాటర్‌మెలన్ వుమన్’ అని మాత్రమే ఉంటుంది. ఆమె ఎవరో కనుక్కుందామని షెరిల్ కెమెరా భుజాన వేసుకుని బయల్దేరుతుంది.

మనకి పుచ్చకాయ అంటే ఎండాకాలం, అంతే. పేరు చూసి నేను ఏదో సరదా ప్రేమకథ అనుకున్నాను. అమెరికాలో ఆ పండు వెనక పెద్ద కథే ఉంది. బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది నల్లవాళ్లు పుచ్చకాయలు పండించి, అమ్ముకుని సొంత కాళ్ల మీద నిలబడ్డారు. అది చూసి ఓర్వలేని తెల్లవాళ్లు ఆ పండునే ఎగతాళి చేశారు. కార్టూన్లలో, పోస్టుకార్డుల మీద పుచ్చకాయ ముక్క పట్టుకుని ఇకిలించే నల్లమనిషి బొమ్మ దశాబ్దాల పాటు తిరిగింది. ఒక నటికి పేరు తీసేసి ఆ పండు పేరు తగిలించడం ఎంత చిన్నచూపో ఇది తెలిశాకే అర్థమవుతుంది. పేరున్న నటీమణులకి మాత్రం గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. ‘గాన్ విత్ ద విండ్’లో దాసి పాత్రకి ఆస్కార్ గెలిచిన హాటీ మెక్‌డానియల్‌ని 1940లో అదే అవార్డు వేడుకలో తోటి నటులకి దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

కార్డు చూసి నాకు కోపం వచ్చింది. డేటా లేని చోట ‘నల్’ అని వదిలేయాలి గానీ మనకి నచ్చిన విలువ నింపకూడదు. నా ఉద్యోగంలో మొదటి పాఠం అది. సగం డాక్యుమెంటరీలా తీసి చివర్లో ‘ఉత్తదే’ అనడం నాకు తొండాటలా అనిపించింది. (నటన కూడా కొన్ని చోట్ల స్కూలు వార్షికోత్సవం స్థాయిలో ఉంది, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.)

తర్వాత ఆ సినిమా ఎలా తయారైందో చదివాను. డున్యే ముందు నిజంగానే వెతికింది. పాత సినిమాలు, ఫోటోలు దాచే సంస్థల్లో తనకి కావలసినవి దొరకలేదు. దొరికిన చోట వాటి వాడకానికి అడిగిన డబ్బు తన దగ్గర లేదు. మొత్తం సినిమాకి ఉన్నదే సుమారు 3 లక్షల డాలర్లు. దాంతో జోయీ లెనర్డ్ అనే ఫోటోగ్రాఫర్ నటుల్ని పెట్టి ఫే జీవితంలోని ఘట్టాల్ని ఫోటోలు తీసింది. అంచులు నలిగి, మరకలు పడి, తాతల నాటి ట్రంకుపెట్టెలో దొరికినట్టుండే 78 ఫోటోలు. వాటిని వేలం వేసి సినిమాకి కొంత డబ్బు కూడా పోగుచేశారు. లేని మనిషి ఫోటోలు అమ్మి ఆమె మీదే సినిమా తీశారన్నమాట!

సినిమాలో ఆర్కైవ్ దృశ్యం గుర్తుపెట్టుకోదగ్గది. లెస్బియన్ల చరిత్ర కోసమే పెట్టిన చోటు అది, నడిపేది సాటి లెస్బియన్లే. అక్కడ కూడా నల్లవాళ్ల ఫోటోలు ఒక పెట్టెలో కుక్కేసి ఉంటాయి. షూట్ చేసుకోవడానికి అనుమతి ఉండదు. నవ్వించే దృశ్యమే, కానీ నవ్వు సగంలో ఆగిపోతుంది.

ప్రభుత్వ కళల నిధి, ఎన్.ఇ.ఏ., ఇచ్చిన 31,500 డాలర్ల మీద కూడా రభస జరిగింది. ఇద్దరు ఆడవాళ్ల శృంగార దృశ్యం ఉన్న సినిమాకి ప్రజల డబ్బా అని రిపబ్లికన్ ప్రతినిధి పీట్ హుక్‌స్ట్రా ఆ మొత్తాన్ని నిధి బడ్జెట్‌లోంచి కోసేయమన్నాడు. ఇది కొత్త గొడవేం కాదు. నల్లజాతి గే మగవాళ్ల జీవితాల మీద మార్లన్ రిగ్స్ 1989లో తీసిన ‘టంగ్స్ అన్‌టైడ్’ 1991లో పీబీఎస్‌కి వచ్చినప్పుడు చాలా స్టేషన్లు వెయ్యనన్నాయి. రిగ్స్ 1994లో, 37 ఏళ్లకే ఎయిడ్స్‌తో పోయాడు. డున్యే సినిమాని మాత్రం 2021లో అదే ప్రభుత్వం జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చుకుంది.

ఇదంతా చదివాక కోపం పోయింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. సినిమా చివర్లో షెరిల్‌కి జూన్ వాకర్ అనే ముసలావిడ గురించి తెలుస్తుంది. ఫేతో ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి. షెరిల్ ఫోన్ చేస్తుంది, కలవడానికి వెళ్తుంది. వెళ్లేసరికి ఆవిడ ఆస్పత్రిలో ఉంటుంది. షెరిల్‌కి ఒక ఉత్తరం, కొన్ని వస్తువులు దక్కుతాయి. అక్కడ నాకు మా చిన్నమ్మమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మమ్మ తెనాలిలో టీచరు, పెళ్లి చేసుకోలేదు. అదే బడిలో లెక్కలు చెప్పే మరో టీచరు ముప్పై ఏళ్లు ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్నారు. మావాళ్ల మాటల్లో ఆవిడ ఎప్పుడూ ‘తోడుకి ఉండే మనిషి’. బయటివాళ్లకైతే ‘వంటకి సాయం’. క్రైస్తవులు, మా కులం కాదు. పండక్కి మా ఇంటికొస్తే ఆవిడ గ్లాసు వేరేగా ఉండేది. ఆ గ్లాసు కడిగి విడిగా బోర్లించింది చాలాసార్లు నేనే. మా ఆల్బంలో ఆవిడ ఒకే ఒక్క ఫోటోలో, చివరన, సగం భుజంతో ఉంటారు.

వాళ్లిద్దరి మధ్య ఏముందో నాకు తెలీదు. ‘క్వీర్’ అనే మాట తీసుకెళ్లి వాళ్ల వాకిట్లో పెట్టే హక్కు నాకుందని కూడా అనుకోను. 2013లో చిన్నమ్మమ్మ పెద్దకర్మ రోజున ఆవిడ నన్ను పక్కకి పిలిచి, “మీ అమ్మమ్మ ఫోటోలు చాలా ఉన్నాయి బాబూ, వీలున్నప్పుడు రా, చూపిస్తా” అని నంబరు ఇచ్చారు. ‘చిన్నమ్మమ్మ ఫ్రెండ్’ అని సేవ్ చేసుకున్నాను. ఒక్కసారి కూడా చెయ్యలేదు.

డున్యేకి వెతికినా దొరకలేదు కాబట్టి కల్పించుకుంది. నాకు దొరికిన మనిషి, ఇదిగో రా అన్న మనిషి, అంతకాలం ఫోన్లో పడి ఉంది. నేను కూడా ఒక కథ రాసి ‘ఇది కల్పితం’ అని కార్డు వేస్తే దాన్ని ఏమనాలి?

సినిమా చూసిన వారానికి ఆ నంబరుకి చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తి రాంగ్ నంబర్ అన్నాడు. అమ్మకి చేసి ఆవిడ ఇంటిపేరు అడిగాను.

“టీచరు గారనే కదరా పిలిచేవాళ్లం, ఇంటిపేరు ఎవరు అడిగారు?” అంది. కాసేపాగి, “లెక్కలు మాత్రం బాగా చెప్పేది. నాకు పదో తరగతి గట్టెక్కించింది ఆవిడే” అంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

ఈ వేసవిలో తెనాలి వెళ్లాలి. బడిలో పాత రిజిస్టర్లు ఇంకా ఉన్నాయో లేదో చూడాలి. ముందు పేరు కావాలి.