ఆ ఒక్క గడి

ఈ సంచికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, దేని గురించి వ్రాయాలా అని నేను పెద్దగా తడుముకోలేదు. అమెరికా నుంచి తిరిగొచ్చాక మన కాలేజీకి ఎప్పుడు వచ్చినా, క్యాంటీన్ దగ్గర నలుగురు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చుట్టూ చేరి అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, అక్కడ ఇప్పుడు ఉద్యోగాలెట్లున్నయి?" చాయ్ చల్లారేలోగా చెప్పగలిగిన జవాబు కాదది. అందుకే కూర్చుని వ్రాస్తున్నాను.

అసలు ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఉద్యోగాలు వున్నాయా అన్నది ఒకటి. వున్నవాటిని మనకు ఇస్తారా అన్నది రెండోది. మొదటిది పత్రికలు చదివినా తెలుస్తుంది. రెండోది మాత్రం అక్కడికి వెళ్ళినవాడికే అర్థమవుతుంది. పక్క బెంచీలో కూర్చున్న అమెరికా కుర్రాడికీ మనకూ మార్కులు ఒకటే కావచ్చు, ప్రాజెక్టు ఒకటే కావచ్చు. వాడు ఉద్యోగం వెతుక్కుంటాడు. మనం ఉద్యోగంతో పాటు, మన కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టే యజమానిని కూడా వెతుక్కోవాలి. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో వున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఈ వెతుకులాట అందరికీ ఒకటే.

లెక్క ఇలా వుంటుంది. మనం వెళ్ళేది ఎఫ్-1 విద్యార్థి వీసా మీద. చదువు అయ్యాక ఓ.పి.టి. అని, చదివిన రంగంలో పని చేసుకోవడానికి 12 నెలలు అనుమతి ఇస్తారు. సైన్సు, ఇంజనీరింగు, గణితం చదివినవాళ్ళకు మరో 24 నెలలు పొడిగిస్తారు. ఈ పొడిగింపు 2008లో 17 నెలలతో మొదలై, 2016లో 24 నెలలైంది. మొత్తం మూడేళ్ళు. ఆ తర్వాతా వుండాలంటే కంపెనీ మన తరఫున హెచ్-1బి వీసాకు దరఖాస్తు చెయ్యాలి. అవి ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు అదనంగా 20,000. అడిగేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. కనుక లాటరీ తీస్తారు. బంగారు పతకం వున్నవాడి పేరూ, బొటాబొటిగా గట్టెక్కినవాడి పేరూ ఒకే పెట్టెలో పడతాయి.

నేను 2019 ఆగస్టులో వెళ్ళాను. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి 28 లక్షలు అప్పు తెచ్చారు. సివిల్‌లో మాస్టర్స్ 2021 మేలో పూర్తయింది. ఉద్యోగాల దరఖాస్తులు అంతకు ముందే మొదలుపెట్టాను. ప్రతి దరఖాస్తులోనూ రెండు గడులుంటాయి. "ఈ దేశంలో పని చేయడానికి మీకు చట్టబద్ధమైన అనుమతి వుందా?" దానికి మనం ఔనని వ్రాయవచ్చు, ఓ.పి.టి. వుంది గనుక. దాని కింద రెండో గడి: "ఇప్పుడు గాని, మున్ముందు గాని మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా?" నిజం చెప్పాలంటే దానికీ ఔననే వ్రాయాలి. చాలా కంపెనీలలో ఆ రెండో ఔను పడగానే దరఖాస్తు పక్కకు పోతుంది. మనిషి చూడకముందే యంత్రమే తీసేస్తుంది. యూనివర్సిటీలో జరిగే ఉద్యోగ మేళాలలోనూ అంతే. వరసలో అరగంట నిలబడి, ఇస్త్రీ చొక్కాతో, చిరునవ్వుతో కాగితం చేతికిస్తే, అటు మనిషి మొదట అడిగేది ప్రాజెక్టు గురించి కాదు, వీసా గురించి.

పైగా గడియారం ఒకటి నెత్తిన తిరుగుతూ వుంటుంది. ఓ.పి.టి. మొదలైన రోజు నుంచి మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా వుండకూడదు. పొడిగింపు దొరికితే ఇంకో 60 రోజులు కలుస్తాయి, కానీ అది తర్వాతి మాట. ఆ 90 రోజుల్లో మనిషి మనసు ఎట్లా వుంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. గోడ మీద క్యాలెండరులో నేను రోజులు కొట్టేస్తూ వచ్చాను. ఇంటి నుంచి ఫోను వస్తే "ఇంటర్వ్యూలు జరుగుతున్నయి నాన్నా" అనేవాణ్ణి. ఆయన "సరే బిడ్డా, తిన్నవా?" అనేవారు. అప్పు మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితేనే నయమనిపించేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన భాషలోనే ఫోన్లు వస్తాయి. "తమ్ముడూ, మా గెస్ట్‌హౌస్‌కు వచ్చెయ్. భోజనం, పడక మావే. ఆరు వారాల ట్రైనింగు. రెజ్యూమె మేం చేయిస్తాం." ఆ రెజ్యూమెలో మనకు ఏడేళ్ళ అనుభవం వుంటుంది, మనం ఎన్నడూ గడప తొక్కని కంపెనీలలో. అవసరమైతే ఫోను ఇంటర్వ్యూ మన బదులు మరొకరు చేస్తారు. ఆ ఫోను నాకూ వచ్చింది, నా రూమ్మేటుకూ వచ్చింది. నేను వెళ్ళలేదు. అది నీతి అని చెప్పుకోను, సగం పైగా భయమే. 2019 జనవరిలో, నేను ఇంకా ఇక్కడ అప్లికేషన్లు నింపుకుంటున్న రోజుల్లో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వమే వల పన్ని నడిపిన బూటకపు విద్యాలయం సంగతి బయటపడింది. క్లాసులు లేవు, పంతుళ్ళు లేరు. ఫీజు కట్టి వీసా నిలుపుకోజూసిన 129 మంది భారతీయులను పట్టుకున్నారు, వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. ఆ వార్త చదివినప్పుడు మా అమ్మ నా చెయ్యి పట్టుకుని "నువ్వట్లాంటి వాటికి పోవు గదా" అంది. గెస్ట్‌హౌస్ ఫోను వచ్చినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

నా రూమ్మేటు వెళ్ళాడు. వాణ్ణి నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను. వాడి ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఆగి వుంది. వాడికి నా కంటె ముందే ఉద్యోగం వచ్చింది, నా కంటె ఎక్కువ జీతం వచ్చింది. 2022 లాటరీలో పేరు కూడా వచ్చింది. అందరం అదృష్టవంతుడన్నాం. కానీ హెచ్-1బి అమెరికాలోనే వుండి మార్చుకున్నవాడు ఒకసారి దేశం దాటితే, తిరిగి వెళ్ళడానికి కాన్సులేటులో వీసా ముద్ర వేయించుకోవాలి. అక్కడి అధికారి "ఏడేళ్ళ అనుభవం అన్నావు, ఆ ఏడేళ్ళలో కాలేజీలో వున్నది ఎవరు?" అని అడిగితే? ఆ భయంతో వాడు ఇండియాకు రావడమే మానుకున్నాడు. 2023లో తండ్రి పోయాడు. పెద్దకొడుకు వాడు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. దహనం అంతా ఫోను తెర మీద చూశానని వాడే నాతో చెప్పాడు. చెప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

నాకు 71వ రోజున పని దొరికింది. ఒహాయోలో చిన్న కంపెనీ, పట్టణాలకు వాననీటి కాలువలు డిజైన్ చేసే పని. యజమాని పెద్దాయన. అప్పటిదాకా ఎవరికీ స్పాన్సర్ చేసినవాడు కాదు. ఇంటర్వ్యూలో దరఖాస్తు మీద వేలు పెట్టి, "ఇక్కడ ఔనని వ్రాశావు, అంటే నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. తిరస్కారంతో కాదు, తెలియక అడిగాడు. నేను ముందే సిద్ధం చేసుకున్న కాగితం తీసి చూపించాను. మొదటి ఏడాది ఆయన చెయ్యవలసిందేమీ లేదు. పొడిగింపు కావాలంటే ఈ-వెరిఫై అనే ప్రభుత్వ పద్ధతిలో పేరు నమోదు చేసుకోవాలి, దానికి ఖర్చు లేదు. నాకేం నేర్పుతారో ఒక పత్రం నింపాలి. హెచ్-1బి దాకా వస్తే, 25 మంది లోపు వున్న కంపెనీ గనుక శిక్షణ రుసుం 750 డాలర్లు, మోసాల నివారణ రుసుం 500, దరఖాస్తు ఫీజు, వకీలు ఖర్చు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇంతేనా?" అన్నాడు.

ఆ 'ఇంతేనా' కోసమే నేనీ వ్యాసం వ్రాస్తున్నానేమో. స్పాన్సర్‌షిప్ అంటే కొన్ని పెద్ద కంపెనీలకు చిన్న ఖర్చు, చాలా చిన్న కంపెనీలకు తెలియని చీకటి గది. అది దయ కాదు. మన చదువుకు పెట్టిన పరీక్షా కాదు. దాన్ని అవమానంగా తీసుకున్నవాడు గడిలో అబద్ధం వ్రాస్తాడు, లెక్కగా తీసుకున్నవాడు కాగితం తయారు చేసుకుంటాడు. ఆ కాగితాన్ని చదివే మనిషి దొరకడానికి నాకు రెండు వందల పైచిలుకు దరఖాస్తులు పట్టాయి. అదీ దాచను.

లాటరీ సంగతి మాత్రం కాగితంతో తేలేది కాదు. పెద్దాయన నా పేరు 2022, 2023, 2024 మార్చి నెలల్లో మూడుసార్లు నమోదు చేశాడు. మూడుసార్లూ రాలేదు. 2023లో వచ్చిన నమోదులు 7,80,884, ఎంపికైనవి 1,88,400. వాటిలో 4 లక్షల పైచిలుకు, ఒకే మనిషికి రెండు మూడు కంపెనీల చేత వేయించినవి. అందుకే 2024 నుంచి ఎన్ని నమోదులున్నా మనిషికి ఒకే చీటీ అన్నారు. అప్పుడూ నా చీటీ తగల్లేదు. చిలుకూరులో విద్యార్థి వీసా కోసం అమ్మ పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూటెనిమిదీ చెల్లించింది. హెచ్-1బి కోసం మళ్ళీ చేసిన పదకొండు అట్లాగే వుండిపోయాయి. గడువు ముగిశాక సర్దుకోవడానికిచ్చే 60 రోజుల్లో సామాను అమ్మి, 2024 సెప్టెంబరులో వచ్చేశాను.

"అయితే ఓడిపోయి వచ్చినట్టే గదా" అని ఒక బంధువు ముఖం మీదే అన్నాడు. మూడేళ్ళ జీతంతో బ్యాంకు అప్పు తీరింది, ఇంటి కాగితాలు నాన్న బీరువాలోకి వచ్చాయి. డాలరు నేను వెళ్ళినప్పుడు 71 రూపాయలు, వచ్చేటప్పటికి 83 దాటింది, అదీ కలిసొచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో అదే వాననీటి కాలువల పని చేస్తున్నాను. మన నగరానికి ఆ పని ఎంత అవసరమో ప్రతి వానాకాలం రోడ్లే చెబుతాయి.

నా తర్వాత దారి ఇంకా ఇరుకైంది. నమోదు రుసుం 10 డాలర్ల నుంచి 2025లో 215 అయింది. 2025 సెప్టెంబరులో, దేశం బయట వున్నవాళ్ళకు వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. అమెరికాలోనే వుండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్ళకు అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. 2026 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం జీతం స్థాయిని బట్టి ఒకరికి ఒక చీటీ, మరొకరికి నాలుగు. కొత్తగా చదువు ముగించినవాడి జీతం సాధారణంగా కింది మెట్టు మీదే వుంటుంది గదా! యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలు మాత్రం ఈ లాటరీకి బయట వున్నాయి. పరిశోధన మీద మనసున్నవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

కనుక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పోవద్దని నేను చెప్పను. నేను పోయినవాణ్ణి, నేర్చుకున్నవాణ్ణి. పోయేముందు ఒక సాయంత్రం అమ్మానాన్నలతో కూర్చుని కాగితం మీద రెండు లెక్కలు వెయ్యండి. మూడేళ్ళు పని దొరికి, లాటరీ తగలకపోతే అప్పు ఎట్లా తీరుతుంది? అసలు పనే దొరక్క 90 రోజుల్లో తిరిగొస్తే, ఇక్కడి జీతంతో ఎన్నేళ్ళలో తీరుతుంది? రెండో లెక్క చూసి కూడా ఇంట్లో అందరూ నిద్రపోగలిగితే వెళ్ళండి. అప్పుడు ఆ రెండో గడిలో ఔనని వ్రాయడానికి మీ చెయ్యి వణకదు.

ఇంకేమైనా అడగాలనుకున్నవాళ్ళు సంపాదకుల దగ్గర నా చిరునామా తీసుకోండి. ఆదివారాలు ఇంట్లోనే వుంటాను. ఆ పెద్దాయనకు చూపించిన కాగితం నకలు కూడా నా దగ్గర వుంది. రుసుములు మారాయి, సరిచేసి ఇస్తాను.