ముసురువానలో మా సైకిలుయాత్ర

ఈ భాద్రపదమాసమున మేము ఎనమండుగురము స్త్రీలము గద్వాలనుండి వనపర్తిమీదుగా నాగర్‌కర్నూలునకు సైకిళ్ళపై బోవ సంకల్పించితిమి. మాలో నలుగురు గృహిణులు, ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒక నర్సు. ఎనిమిదవది ఇంటరు చదువుచున్న బాలిక. ఆమెకిదియే మొదటి దూరప్రయాణము. "నీ చేతులలో బెట్టుచున్నాను వదినా" అని మాత్రమే ఆమె తల్లి మాలో పెద్దామెతోనని పంపెను.

గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డసీమలోనిది. సోమనాద్రి కట్టించిన మట్టికోటను, అందలి చెన్నకేశవాలయమును జూచి, ఆ సాయంకాలమొక నేతవారి యింటికి బోయితిమి. గద్వాల చీర నెరుగని వారు మనలో నెవరు? నడుమ నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెండు జాతుల పోగులును మగ్గముమీదనే ఒకదానితోనొకటి పెనవేయబడును. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతవరకు మేము చదివి పోయిన సంగతి. చదువనిది అక్కడ జూచితిమి. గుంటమగ్గము నేయువారు కాళ్ళు గుంటలో బెట్టి త్రొక్కవలెను గదా! ముసురు పట్టినచో ఆ గుంటలో నీరూరును. తేమకు పడుగు బిగువు దప్పును. ఆ యింటి యిల్లాలు చెంబుతో నీరు తోడిపోయుచు, "నాలుగు దినాలాయె అక్కా, మగ్గం ఆడక. నేస్తెనే గద కూలి" అనెను. తుంగభద్రయొడ్డున నున్న రాజోలిలో 2009 అక్టోబరు వరదకు ఇండ్లతోపాటు మగ్గములును మునిగెను. మరునాటి వాననుగూర్చి అంతవరకు సణుగుచున్న మేము నోరు మూసికొంటిమి.

ఉదయమారుగంటలకు బయలుదేరునప్పటికి తుంపర. ఎఱ్ఱవల్లి కూడలి చేరునప్పటికి జడివాన. బీచుపల్లి వంతెనక్రింద కృష్ణ బురదనీటితో నిండుగ బారుచుండెను. ఆంజనేయస్వామికి సైకిలు దిగకయే మ్రొక్కితిమి. వెనుక లారీలు తఱుముచుండగా నిలుచుట యెట్లు?

వానలో సైకిలు తీరే వేఱు. తడిసిన చక్రపుటంచును బ్రేకురబ్బరు వెంటనే పట్టదు. మొదటి నొక్కుడు నీటిని దుడుచును, తరువాతిది బండి నాపును. కావున ఒకరికొకరము ఎక్కువ యెడము విడిచి పోయితిమి. రోడ్డుమీది తెల్లగీతలు సబ్బువలె జారును. నీరు నిండిన గుంట లోతెంతో కంటికి దెలియదు. ఇక బట్టల సంగతి: చున్నీయు, చీరకొంగును, పొడుగు రెయిన్‌కోటును చక్రమునకు జిక్కునవే. 1894లో అమెరికాలోని బోస్టనునుండి సైకిలుపై లోకము చుట్టిరాగోరి వెడలిన అన్నీ లండన్‌డరీ యను స్త్రీ, పొడుగు పరికిణీతో బయలుదేరి, షికాగో చేరినపిమ్మట దానిని విడిచి తేలికబండి నెక్కినది. మేము కాళ్ళయొద్ద బట్టను రబ్బరుపట్టీలతో బిగించి, ఫోన్లను కడిగిన పాలసంచులలో జుట్టితిమి. పొడిబట్టలు మాత్రము రెండు పొరల ప్లాస్టిక్కు సంచిలో నుంచితిమి. వీనిని మరచినవారు యాత్రకు రాకుండుటయే మేలు.

పెబ్బేరులో టీ త్రాగి, ఒంటిగంటకు వనపర్తి చేరితిమి. 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసిన రాజభవనమును గేటునొద్దనుండియే చూచితిమి. నాగర్‌కర్నూలులో మాలో నొకరి ఆడుబిడ్డ యింట రాత్రిభోజనము సిద్ధమగుచుండెను. ఆ తొందరయే మమ్ము కదిలించినది.

కొన్ని మైళ్ళు పోవునప్పటికి ఒక లోవంతెనపై వాగు పొర్లుచుండెను. చూచుటకు మోకాలిలోతు నీరు. మా కన్నులయెదుటనే యొక యువకుడు మోటారుసైకిలు త్రోసికొని దాటిపోయెను. "అతడు పోగా మనము పోలేమా?" అని మా బాలిక సైకిలును నీటిలో దింపబోయెను. నిజము చెప్పవలెనన్న మాలో ముగ్గురికి అదియే తోచెను. గొంగడి కప్పుకొని గట్టుపై గూర్చున్న ముసలాయన, "ఆగు బిడ్డా! మీది చెర్వు అలుగు దుంకుతున్నది, ఇంకింత వస్తది" అని కేకవైచెను.

పారునీరు మోకాలిలోతైనను మనుష్యుని కాళ్ళు దీయును. సైకిలు చక్రము నీటికడ్డుపడి మరింత గుంజును. అడుగున రోడ్డున్నదో కొట్టుకొనిపోయినదో బురదనీటిలో నెవరికి దెలియును? పెద్దామె తన సైకిలును దారికడ్డముగ నిలిపి, "మీ యమ్మకు నేనేమి చెప్పుదును?" అనెను. పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. అరగంటలో వంతెనప్రక్క రాళ్ళు మునిగినవి. అది చూచియు ఆమె వనపర్తిదాక మాతో మాటాడలేదు.

ఆ రాత్రి వనపర్తిలోనే బసచేసితిమి. పెద్దామె తల్లికి ఫోనుచేసి జరిగినదంతయు దాపక చెప్పి, ఫోను పిల్లచేతికిచ్చెను. లోపల నేమి మాటాడుకొన్నారో మేమడుగలేదు. పిల్ల వచ్చి కూర్చుండి ఉప్మా రెండవమారు వేయించుకొన్నది.

మరునాడు పదిగంటలకు వాగు తగ్గెను. ముసలాయన మాకంటె ముందే యక్కడ నుండెను. నాగర్‌కర్నూలు చేరునప్పటికి గొలుసుల నూనె యంతయు వానకు బోయి, ఎనిమిది సైకిళ్ళును కీచుమనుచుండెను. ఆ యూరిపేరు కందెననుండి వచ్చినదనియు, బండివాండ్రు ఇరుసులకు కందెన పూసికొన్న తావనియు చెప్పుదురు. మేమును బజారులో నూనె కొంటిమి. బాలిక తన గొలుసునకు తానే వేసికొని, మా యందరివియు దుడిచెను.

భోజనానంతరము గద్వాలలోని యిల్లాలికి ఫోను చేసితిమి. గుంటలో నీరు తోడుట ముగిసినదట; మట్టి యింకను తడిగనే యున్నదని, రెండు దినములు ఎండ కాయవలెనని చెప్పెను.