రెండుసార్లు తప్పు చెప్పిన పాఠం

నేను సోషల్ మాస్టర్ని. ఉద్యోగమంతా టెక్కలి, పలాస చుట్టుపక్కల హైస్కూళ్ళలోనే గడిచింది. ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, రెండు ప్రపంచ యుద్ధాలు, ఏది చెప్పినా బోర్డు మధ్యన గీత గీసి ఒక పక్క కారణాలు, ఇంకో పక్క ఫలితాలు రాసేవాణ్ణి. పిల్లలు బట్టీ పట్టేవారు, మార్కులొచ్చేవి. మన శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం గురించి ఎవరైనా అడిగితే దానికీ అదే గీత. కారణం: నక్సల్బరి ప్రభావం. ఫలితం: 1970లో అణచివేత. ఈ రెండు ముక్కలూ తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక ఇంకో తప్పు చేశాను. అది మొదటిదానికన్నా పెద్దది.

మొదటిది ముందు చెప్తాను. బెంగాల్లోని నక్సల్బరిలో రైతుల మీద పోలీసు కాల్పులు 1967 మే 25న జరిగాయి. అదే ఏడు అక్టోబరు 31న, మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు పోతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అక్కడి నిప్పే ఇక్కడికి వచ్చిందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ సభ పెట్టిన సంఘం ఎప్పటినుంచి ఉందన్న ప్రశ్నే నాకు తట్టలేదు. ఆ సంఘాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ నాలాంటి పంతుళ్ళే. నక్సల్బరి పేరు ఇక్కడ ఎవరూ వినకముందే వాళ్ళు వెట్టి మానిపించడానికి, కూలి పెంచడానికి, సావుకార్లకి తాకట్టు పోయిన పోడు భూములు విడిపించడానికి ఏజెన్సీలో ఊరూరూ తిరిగారు. లేవిడి కేసులో ముద్దాయిలు 1968లో నిర్దోషులుగా బయటికొచ్చారు. అంతవరకూ కోర్టు మీద ఏ కొంచెం ఆశ ఉన్నా అది ఆ రోజుతో పోయింది. తుపాకీ మాట జనం చెవికెక్కింది ఆ తర్వాతే.

ఈ లెక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పలాసలో జీడిపప్పు పీలింగుకు పోయే ఒక ముసలామె చెప్పింది. ఆమెది మందస కొండల కింద ఊరు. ఏదో మాటల్లో నక్సల్బరి పేరెత్తాను. ఆమె చేతిలో పని ఆపకుండానే అంది: “అదేటో మాకేటి తెల్సు బాబూ. సావుకారు పద్దు తెల్సు. ఉప్పుకీ కోకకీ సేసిన అప్పు మా అయ్య బతికుండగా తీరనేదు. ఆ అప్పుకి మా అన్న సావుకారింట్ల కంబారి ఉన్నాడు. చింతపండు ఎంత పోసినా పద్దు అలగే ఉండీది.” పొట్టు తీసిన పప్పు ఒక పక్కకి, ముక్కలు ఇంకో పక్కకి వేస్తూ ఆమె మాట్లాడుతుంటే, ఇన్నాళ్ళూ బోర్డు మీద ఎడమ పక్కన ఏం రాయాలో నాకు అప్పుడు తెలిసింది. కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞం’లో రాసింది ఇదే కదా. తరం దాటినా తీరని అప్పు, దానికి తోడు ధర్మబద్ధంగా జరిగినట్టు కనిపించే తీర్పు. ఆ కథ నక్సల్బరికి ముందే అచ్చయింది. నేను దాన్ని సాహిత్యంగా చదివాను గాని చరిత్రగా చదవలేదు.

ఇంకా వెనక్కి పోతే 1940. ఆ మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలోనే జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ని యుద్ధం పేరు చెప్పి తెచ్చిన భారత రక్షణ నిబంధనల కింద ముందే జైల్లో పెట్టారు. వారం తిరక్కుండా ఏప్రిల్ 1న, మందస జమీందారీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం జరిగిన గొడవలో, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. తమవాళ్ళని పట్టుకుపోతుంటే అడ్డం నిలిచిన సాసుమాన గున్నమ్మ అక్కడే ప్రాణం విడిచింది. రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో నేను పోలెండు గురించి చెప్పాను, పెరల్ హార్బరు గురించి చెప్పాను. స్కూలుకి బస్సు దూరంలో జరిగిన ఈ సంగతి చెప్పలేదు. రంగం (రంగూన్) పోయిన మన కూలీల సంగతీ చెప్పలేదు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేస్తే, ఉన్నదంతా వదిలేసి అడవుల్లో నడుచుకుంటూ వచ్చినవాళ్ళు ఈ తీరంలో ఎన్ని ఇళ్ళల్లో లేరు!

ఇక రెండో తప్పు. రిటైరయ్యాక నన్ను సభలకు పిలిచేవారు. ఇన్నాళ్ళూ అన్యాయం చేశానన్న బాధ కొద్దీ ఈసారి పూర్తిగా ఒక పక్కకి ఒరిగిపోయాను. బొడ్డపాడు గుళ్ళో పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో ఉద్దానాన్ని ఎలా కదిలించాడో చెప్పేవాణ్ణి. 1968 నవంబరులో గరుడభద్రలో జనం కలిసి భూస్వామి పంట కోసిన రోజు గురించి, అదే నెల 25న పెదగొట్టిలిలో గిరిజనులు భూస్వామి ఇంటి మీద పడి గింజలు తీసుకుపోయిన రోజు గురించి చెప్పేవాణ్ణి. 1969 మే 27న ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తిని, డిసెంబరు 22న రంగమటియా కొండల్లో ఆయన భార్య నిర్మలని, పాణిగ్రాహిని, 1970 జులై 10న సత్యం, కైలాసాలని చంపిన తీరు చెప్పేవాణ్ణి. రికార్డుల్లో ఎదురుకాల్పులు అనే ఉంది. పట్టుకుని కాల్చారని ఊళ్ళు ఈనాటికీ అంటాయి. నేనూ ఊళ్ళ మాటే నమ్ముతాను.

ఒక సభ అయ్యాక నా పాత విద్యార్థి ఒకడు దగ్గరికొచ్చాడు. “గురువుగారూ, మా తాతని దళం వాళ్ళు ఇంట్లోంచి లాక్కొచ్చి మా నాన్న కళ్ళ ముందే నరికారు. మీరు అన్నీ చెప్పారు. ఆయన గురించి ఒక్క మాటైనా అనలేదేం?” అన్నాడు. కోపంగా అడగలేదు. అతనికి నేను ఫ్రెంచి విప్లవం చెప్పాను. బాస్టీల్ కోట పడిన సంగతి చెప్పిన నోటితోనే రోబెస్పియర్ కాలంలో గిలెటిన్ కింద పడిన తలల సంగతీ చెప్పాను. పారిస్ గురించి రెండూ చెప్పగలిగినవాణ్ణి ఉద్దానం గురించి సగమే చెప్పాను. ఆ సగం వదిలేసింది తెలియక కాదు.

వదిలేసిన సగం ఇది. 1969లో వర్గశత్రు నిర్మూలన అన్న నక్సల్బరి నాయకుడు చారు మజుందార్ పంథా ఇక్కడికి వచ్చింది. ఆంధ్రలోని కమ్యూనిస్టు విప్లవ నాయకులు తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు దీన్ని ఒప్పుకోలేదు. జనం లేని దళం జనానికి మేలు చెయ్యదన్నారు. వాళ్ళ మాటే నిజమైంది. గరుడభద్రలో ఊరంతా కొడవళ్ళు పట్టుకుని చేసిన పని, ఏడాది తిరిగేసరికి రాత్రిపూట నలుగురైదుగురు చేసే హత్యగా మారింది. చంపినవాళ్ళు కొండెక్కారు. పోలీసు క్యాంపులు మాత్రం ఊళ్ళోకి దిగాయి. దెబ్బలు తిన్నది ఊరు. అణచివేత క్రూరమైనదే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ అణచివేతకి జనాన్ని ఒంటరిగా అప్పగించిన తప్పు ఉద్యమానిది కూడా. ఈ మాట నేను సభలో అనగలిగేవరకూ నాకు చరిత్ర చెప్పే అర్హత రాలేదు.

ఫలితాల సంగతీ అంతే. ‘అణచివేత’ అని ఒక్క ముక్క రాసి చాక్‌పీసు కింద పెట్టేవాణ్ణి. 1970 ఫిబ్రవరి 3న, కొండల్లో ఇంకా తుపాకులు పేలుతుండగానే, 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని భావించాలి, కాదని నిరూపించుకునే బాధ్యత ఆ గిరిజనేతరుడిదే అంటుంది ఆ చట్టం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనతో కానిది అప్పుడు ఎందుకయిందో ఎవరికైనా అర్థమవుతుంది. అదే ఏడు జులై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. నలభై ఏళ్ళ తర్వాత, 2010 జులై 14న బీల నేలల్లో థర్మల్ కేంద్రం వద్దన్న సోంపేట జనం మీద, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, మళ్ళీ పోలీసు తూటాలు పేలి ప్రాణాలు పోయాయి. ఈసారి జనం చేతుల్లో తుపాకులు లేవు, ఊళ్ళకి ఊళ్ళే రోడ్డు మీదకొచ్చాయి. సోంపేట ప్లాంటు ఆగిపోయింది.

ఇప్పుడు పాఠాలు చెప్తున్న మాస్టర్లని ఒకటే అడుగుతున్నాను. గిరిజన పోరాటం నాటికి ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. అప్పు కింద నలిగినవాళ్ళ ఇంటికీ, ఇంటి పెద్దని పోగొట్టుకున్న సావుకారి ఇంటికీ పిల్లల్ని పంపండి. రెండు చోట్లా విననివ్వండి, రాయనివ్వండి. మందస, మెళియాపుట్టి కొండల కింది సవర ఊళ్ళ పిల్లలకి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ ఊళ్ళలో చాలావాటిని ఇప్పటికీ షెడ్యూల్డు ప్రాంతంలో కలపలేదు. అందుకే 1/70 చట్టం వాళ్ళ భూమికి వర్తించదు.