జ్ఞాపిక, ఆనవాలు: గతాన్ని తలపించే వస్తువులకు తెలుగు పేర్లు

1. ఉపోద్ఘాతం

గతాన్ని గుర్తుకు తెచ్చే వస్తువును తెలుగులో ఏమనాలి? నేటి సభాభాష ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం ‘జ్ఞాపిక’. సదస్సు ముగిశాక వక్తకు శాలువాతో పాటు అందేది జ్ఞాపిక. పదవీ విరమణ సభలో చేతికి వచ్చేదీ జ్ఞాపికే. క్రమంగా ప్రదర్శనశాలలోని పాత వస్తువులను, దివంగత రచయితల కలాలను, కళ్ళద్దాలను కూడా ఈ మాటతోనే వ్యవహరించడానికి వీలు ఏర్పడుతోంది. అయితే తెలుగులో ఆనవాలు, గుర్తు, నిశాని, యాది అనే మాటలు ముందునుంచీ ఉన్నాయి. ఇవన్నీ పర్యాయపదాలేనా, వీటి మధ్య పాటించవలసిన తేడా ఏదైనా ఉందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానికి చేరువలోని తార్నాక, గోల్నాకలు ఇందుకు ఉదాహరణలు.

2. జ్ఞాపకం నుంచి జ్ఞాపిక

సంస్కృతంలో ‘జ్ఞాపకం’ అంటే ‘తెలియజేసేది’. ‘జ్ఞా’ ధాతువు ప్రేరణార్థక రూపం నుంచి ఈ మాట ఏర్పడింది. కారకహేతువు, జ్ఞాపకహేతువు అనే విభజన శాస్త్రాల్లో ప్రసిద్ధం. విత్తనం మొలకకు కారకహేతువు. పొగ నిప్పుకు జ్ఞాపకహేతువు. పొగ నిప్పును పుట్టించదు, నిప్పు ఉందని తెలుపుతుంది. పాణినీయ వ్యాఖ్యాతలు సైతం సూత్రంలోని ఏదైనా పదం ఆధారంగా సూత్రకారుడు నేరుగా చెప్పని నియమాన్ని ఊహించినప్పుడు ఆ పదాన్ని ‘జ్ఞాపకం’ అన్నారు. తెలుగులోకి వచ్చాక తెలియజేసే సాధనం పేరు మనసులో నిలిచిన అనుభవానికి పేరైంది. కన్నడ ‘జ్ఞాపక’, తమిళ ‘ఞాపగం’ కూడా ఇదే దారిలో నడిచాయి.

అర్థం ఇలా మనసులోకి చేరడంతో బయటి వస్తువుకు వేరే పేరు కావలసి వచ్చింది. ‘జ్ఞాపక’ శబ్దానికి స్త్రీలింగ రూపమైన ‘జ్ఞాపికా’ నాయిక, గాయిక పదాల వలె చివరి దీర్ఘాన్ని వదులుకుని ఆ చోట నిలిచింది. ధాతువు మొదటి అర్థం ఒక రకంగా మళ్ళీ వస్తువుకు దక్కిందన్నమాట. కాని వాడుక దాని పరిధిని గట్టిగా కుదించింది.

3. క్రియలు చూపే తేడా

ఒక నామపదం పరిధిని దానితో కలిసే క్రియలు తెలుపుతాయి. జ్ఞాపికను అందజేస్తారు, బహూకరిస్తారు, స్వీకరిస్తారు. ఆనవాలు దొరుకుతుంది, మిగులుతుంది, చెరిగిపోతుంది. దానిని చూపుతారు, పడతారు. ‘ముఖ్య అతిథికి ఆనవాలు బహూకరించారు’ అని ఎవరూ అనరు. తవ్వకాల్లో దొరికిన పెంకును జ్ఞాపిక అనరు. జ్ఞాపికకు ఇచ్చేవారు కావాలి; ఆనవాలుకు పోల్చుకునేవారు కావాలి.

రామాయణంలో హనుమంతుడు సీతకు చూపిన ఉంగరం ఆనవాలు. తాను రామదూతనని రుజువు చేయడం దాని పని. కాళిదాసు శాకుంతలంలో ఒకే ఉంగరం రెండు దశలనూ దాటుతుంది. దుష్యంతుడు శకుంతలకు ఇచ్చినప్పుడు అది జ్ఞాపిక. చేప కడుపులో జాలరికి దొరికి రాజు కంటపడినప్పుడు ఆనవాలు. నాటకం పేరులోని ‘అభిజ్ఞానం’ ఈ రెండవ దశకు చెందినది.

‘గుర్తు’ క్రియను బట్టి రూపం మార్చుకుంటుంది: గుర్తుపట్టడం వర్తమానంలో పోల్చుకోవడం, గుర్తుంచుకోవడం భవిష్యత్తుకు దాచడం, గుర్తుకు రావడం గతం తనంతట తాను రావడం. ఉర్దూ ద్వారా వచ్చిన ‘నిశాని’ అక్షరం రాని మనిషి దస్తావేజు మీద వేసే వేలిముద్ర. ఆ మనిషి అక్కడ ఉన్నాడనడానికి సాక్ష్యం. ‘యాది’ మనసుకు సంబంధించినది. తెలంగాణలో ‘యాదికొచ్చింది’, ‘యాదిమరిచిన’ అనే వాడుకలు నిత్యవ్యవహారం. సామల సదాశివ తన పుస్తకానికి ‘యాది’ అని పేరు పెట్టడంతో ఆ మాట గ్రంథస్థ గౌరవాన్నీ పొందింది.

4. తార్నాక, గోల్నాక

‘నాకా’ అంటే రాకపోకలను తనిఖీ చేసే, సుంకం వసూలు చేసే కాపలా చోటు. ఉర్దూలో ‘తార్’ తీగ, ‘గోల్’ గుండ్రన. తీగకంచె, దాని దగ్గరి కాపలా కలిసి తార్నాక అయిందని స్థానికంగా చెప్పుకుంటారు. నేడు తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగేవారికి కంచె కనిపించదు, గోల్నాకలో బస్సు ఎక్కేవారిని సుంకం అడిగేవారూ లేరు. ఊరికి ఒకప్పుడు అంచులు ఉండేవని, ఆ అంచుల వద్ద మనుషులను ఆపేవారని తెలిపేది ఇప్పుడు ఆ పేర్లే. ‘నాకా’ తెలుగు నోట ‘నాక’ కావడం, ‘దర్వాజా’ ‘దర్వాజ’ కావడం, ‘జ్ఞాపికా’ ‘జ్ఞాపిక’ కావడం ఒకే ధ్వనిమార్పు. పరభాషా పదం తెలుగు అయిందనడానికి ఆ పోయిన దీర్ఘమే ఆనవాలు.

5. ప్రాంగణంలో

ఆస్ట్రియా కళాచరిత్రకారుడు అలాయిస్ రీగెల్ 1903లో స్మారకాలను రెండుగా విభజించాడు: స్మరణ కోసమే నిర్మించినవి, కాలక్రమంలో స్మారకాలైనవి. గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు రూపొందించిన అమరవీరుల స్తూపం మొదటి రకం. 1969 ఉద్యమంలో అసువులు బాసినవారి స్మరణ కోసమే అది వెలసింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం రెండవ రకం. అది పాఠాల కోసం కట్టినది. 1969లోనూ 2009లోనూ విద్యార్థులు దాని ముందు గుమిగూడడంతో ఆ మెట్లు ఉద్యమానికి ఆనవాళ్లయ్యాయి.

ఈ తేడా మరుగునపడితే నష్టం పరిశోధనకే. వసతిగృహం ఖాళీ చేసే పరిశోధక విద్యార్థి జ్ఞాపికలను జాగ్రత్తగా పెట్టెలో సర్దుకుంటాడు. క్షేత్రపర్యటన నోటుపుస్తకాలు, బస్సు పాసులు, పాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పాత కాగితాల వాడికి పోతాయి. బీరువా అద్దాల వెనుక షీల్డులు నిలిచి, పాడిన స్త్రీ గొంతు పోతుంది. బిరుదురాజు రామరాజు 1950వ దశకంలో ఉస్మానియాలో తెలుగు జానపద గేయాలపై చేసిన పరిశోధన నోటిపాటలకు విద్యాగౌరవం తెచ్చింది. అటువంటి కృషికి ముడిసరుకు ఎవరూ ఎవరికీ బహూకరించనిది.

6. ముగింపు

ఇచ్చినదానికి జ్ఞాపిక, మిగిలినదానికి ఆనవాలు, మనసులో నిలిచినదానికి యాది అనే విభజన భాషలో ఇప్పటికే ఉంది. రచయితల కలాలకు, రాతప్రతులకు, పుస్తకాల అంచుల్లోని పెన్సిలు రాతలకు ‘ఆనవాలు’ అని పేరు పెడితే, అవి ఎవరివి, ఎక్కడ దొరికాయి, దేనికి సాక్ష్యం అనే ప్రశ్నలు వెంటనే తలెత్తుతాయి. ‘జ్ఞాపిక’ అంటే ఎవరిచ్చారన్న ప్రశ్న దగ్గరే విచారణ ఆగుతుంది. సేకరణల పట్టికలు తయారుచేసే శాఖలు ముందుగా ఈ మాటల తేడాను పాటించడం అవసరం. ఏది దాచాలో, ఏది పారవేయాలో చాలాసార్లు నిర్ణయించేది దానికి మనం పెట్టిన పేరే.